ఏ అగస్త్యుడు?

అగస్త్యుడు వింధ్య పర్వతాన్ని దాటింది ఫలానా సంవత్సరంలోనని ఖగోళశాస్త్రం తేల్చేసిందట అంటూ ఎవరో ఒకరు ఏడాదికోసారైనా నాకు మెసేజ్ పంపుతారు. తేదీ ప్రతిసారీ మారుతుంది, ధీమా మాత్రం మారదు. క్రీస్తుపూర్వం నాలుగు వేలంటారు, అయిదు వేలంటారు, ఇంకొకరు ఏకంగా పదివేలు దాటించేస్తారు. కింద ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "ఇక పురాణాలు కట్టుకథలని ఎవరూ అనలేరు." దీనికి జవాబుగా ఇంకో వర్గం ఉంది. వాళ్లేమో అగస్త్యుడనే మనిషే లేడు, అదొక చుక్క, సముద్రం తాగాడంటే వానాకాలం అయిపోయిందని అర్థం, అంతే, అని కొట్టిపారేస్తారు.

నాకు ఈ రెండు వర్గాలూ ఒకే పొరపాటు చేస్తున్నట్టు కనిపిస్తాయి. పేరు ఒకటే కాబట్టి విషయమూ ఒకటే అనుకుంటున్నారు. ఆకాశంలో ఒక అగస్త్యుడున్నాడు, కావ్యాల్లో పురాణాల్లో ఒకడు కాదు కనీసం నలుగురైదుగురు ఉన్నారు, శాసనాల్లో, ఊర్ల పేర్లలో, వంశాల చరిత్రల్లో మరికొందరున్నారు. వీళ్లకు చుట్టరికం లేదనను, ఉంది. కానీ ఆ చుట్టరికం ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు ఏర్పడిందో చూడకుండా వీళ్లను ఒక్కడిగా కలిపేస్తే అందరికీ అన్యాయమే.

ముందు చుక్క సంగతి. శీతాకాలం సాయంత్రాల్లో దక్షిణం వైపు తిరిగి నిలబడితే సిరియస్ కింద, బాగా దిగువన, తెల్లగా వెలిగేదే అగస్త్య నక్షత్రం. పాశ్చాత్యులు కానోపస్ అంటారు, అరబ్బులు సుహైల్ అంటారు, చైనావాళ్లు దీర్ఘాయువునిచ్చే ముసలాయన నక్షత్రం అంటారు. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత ఇంత ప్రకాశంగా కనిపించే నక్షత్రం ఇంకోటి లేదు. అయితే సిరియస్ వెలుగులో సగం గొప్ప అది దగ్గరగా ఉండటమే, 8.6 కాంతి సంవత్సరాల దూరం. అగస్త్య నక్షత్రం సుమారు 310 కాంతి సంవత్సరాల అవతల ఉండి కూడా రెండో స్థానంలో నిలిచింది, అంటే అది సూర్యుడికి పదివేల రెట్లకు పైగా కాంతిని వెదజల్లుతోందన్నమాట. దక్షిణానికి బాగా ఒదిగి ఉండటంతో దాదాపు 37 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన వాళ్లకు ఇది ఎప్పటికీ ఉదయించదు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో పొసిడోనియస్ అనే గ్రీకు పండితుడు దీన్నే పట్టుకుని భూమి చుట్టుకొలతను అంచనా వేశాడు. రోడ్స్ ద్వీపంలో చూస్తే ఈ నక్షత్రం క్షితిజాన్ని తాకీ తాకకుండా ఉంటుంది, అలెగ్జాండ్రియాలో చూస్తే వృత్తంలో 48వ వంతు పైకి వస్తుంది, కాబట్టి ఆ రెండు ఊళ్ల మధ్య దూరానికి 48 రెట్లు భూమి చుట్టుకొలత. కొలతల్లో తప్పులున్నాయి, కానీ పద్ధతిలో ఏ తప్పూ లేదు.

ఇదే నక్షత్రం 1964లో మారినర్-4 అంగారక గ్రహానికి వెళ్తున్నప్పుడు దానికి దిక్సూచి అయింది. వ్యోమనౌకకు సూర్యుడు ఒక గుర్తు, కానీ ఒక్క గుర్తుతో సరిపోదు, ఉన్నచోటే బొంగరంలా తిరిగిపోయే ప్రమాదం ఉంటుంది. సూర్యుడికి దాదాపు లంబంగా, ఎప్పుడూ ఒకే వైపు, పొరబడే అవకాశం లేనంత ప్రకాశంగా ఉండే రెండో గుర్తు కావాలి. భూమి కక్ష్యాతలానికి దక్షిణ ధ్రువం ఎక్కడుంటుందో అక్కడికి అగస్త్య నక్షత్రం సుమారు 14 డిగ్రీల దూరంలోనే ఉంది కాబట్టి ఆ ఉద్యోగం దానికి దక్కింది. తర్వాత వోయేజర్ వ్యోమనౌకలకూ ఇదే దారి చూపింది. దారిలో మారినర్-4 పరికరం కొన్నిసార్లు వేరే నక్షత్రాలను చూసి ఇదే అగస్త్యుడనుకుని పట్టుకుంది కూడా. (అలా పొరబడటంలో అదొక్కటే లేదు, మనమూ ఉన్నాం.)

మన జ్యోతిశ్శాస్త్ర గ్రంథాల్లోనూ దీన్ని కొలిచారు. సూర్యసిద్ధాంతం అగస్త్యుణ్ణి మిథునరాశి చివర, క్రాంతివృత్తానికి (ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి) 80 డిగ్రీల దక్షిణంగా ఉంచుతుంది. అసలు విలువ 76కి కాస్త తక్కువ. నాలుగు డిగ్రీల తేడా చిన్నదేమీ కాదు, అయినా కంటిచూపుతో, క్షితిజానికి అంత దగ్గరగా ఉండే నక్షత్రాన్ని కొలవడమంటే మాటలా. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు. బృహత్సంహితలో అగస్త్యచారం అని ఒక అధ్యాయమే ఉంది. మొదట్లో అంతా పురాణమే: వింధ్యను వంచినవాడు, సముద్రాన్ని తాగినవాడు, దక్షిణ దిక్కుకు అలంకారమైనవాడు, అంటూ కవిత్వం ధారాళంగా సాగుతుంది. ఉన్నట్టుండి శ్లోకం స్వరం మారుతుంది. అగస్త్యోదయం ఏ దేశానికి ఆ దేశం లెక్క కట్టుకుని చెప్పాలి, ఉజ్జయినిలోనైతే సూర్యుడు కన్యారాశికి ఇంకా ఏడు డిగ్రీలు వెనక ఉండగా కనిపిస్తుంది అంటాడు. ఒకే అధ్యాయంలో ఒకే మనిషి ఇద్దరు అగస్త్యుల గురించి రాశాడు, ఎక్కడా ఒకరిని ఇంకొకరికి సాక్ష్యంగా నిలబెట్టలేదు. సముద్రం తాగాడు కాబట్టి ఏడు డిగ్రీలనలేదు, ఏడు డిగ్రీలకు కనిపిస్తున్నాడు కాబట్టి సముద్రం తాగింది నిజమేననీ అనలేదు. పదిహేను వందల ఏళ్ల కిందట ఆయన పాటించిన ఆ మర్యాద ఇవాళ మనకు కష్టమైపోయింది.

ఇక కవుల అగస్త్యుడు. వేసవిలో సూర్యకాంతిలో మునిగి కొన్ని వారాలు కనబడకుండా పోయిన నక్షత్రం వానలు వెనకబట్టే రోజుల్లో తెల్లవారుజామున మళ్లీ కనిపిస్తుంది. అప్పటికి వరదనీళ్లు తేరుకుంటాయి. కాళిదాసు దీన్ని రఘువంశం నాలుగో సర్గలో ఎంత లాఘవంగా వాడుకున్నాడంటే, కుంభసంభవుడి (కుండలో పుట్టిన అగస్త్యుడి) ఉదయంతో నీళ్లు తేటపడ్డాయి, రఘువు చేతిలో పరాభవం తప్పదని శత్రువుల మనసులు మాత్రం కలతపడ్డాయి అన్నాడు. శరత్కాలమంటే రాజులు దండయాత్రకు బయల్దేరే కాలం. కాబట్టి ఆ ఒక్క చుక్క పొడవడంలో పంచాంగం ఉంది, వాతావరణం ఉంది, రాజకీయం ఉంది. తులసీదాసు కిష్కింధకాండలో అదే చుక్కను తీసుకుని, అగస్త్యుడు ఉదయించి దారిలో నీళ్లను ఇంకించాడు, సంతోషం లోభాన్ని ఇంకించినట్టు అన్నాడు. ఒకరికి యుద్ధం గుర్తొచ్చింది, ఇంకొకరికి వైరాగ్యం.

ఇక్కడే "అంతా చుక్కే" అనేవాళ్లు చప్పట్లు కొడతారు. చూశారా, సముద్రపానం అంటే ఇదే, అంటారు. కాస్త ఆగండి. భారతంలో కథ చదవండి. కాలకేయులనే రాక్షసులు సముద్రంలో దాక్కుని రాత్రిళ్లు మునులను చంపుతుంటారు, వాళ్లను బయటకు లాగడానికి దేవతలు అడిగితే అగస్త్యుడు సముద్రాన్ని తాగేస్తాడు, పనయ్యాక నీళ్లు తిరిగి ఇమ్మంటే అరిగిపోయాయి పొమ్మంటాడు. చివరికి భగీరథుడు గంగను తెచ్చేదాకా సముద్రం ఎండిపోయే ఉంటుంది. వానాకాలం చివర నీళ్లు తేరుకోవడానికీ దీనికీ ఉన్న సంబంధం ఎంత? నీళ్లు, అగస్త్యుడు అన్న రెండు మాటలంత. ఆ చుక్క చూసి ఎవరికో ఈ ఊహ మొలకెత్తి ఉండొచ్చు, కాదనను. కానీ మొలకను చూపించి చెట్టంతా ఇదే అంటే ఎలా?

పైగా ఆ కథకు ముందున్న భాగాన్ని ఏ చుక్కలో ఇరికిస్తారు? లోపాముద్ర విదర్భ రాజకుమారి. పెళ్లయ్యాక, నాకు పుట్టింట్లో ఉన్నలాంటి పరుపు, నగలు ఉంటే తప్ప కాపురం లేదంటుంది. తపస్సు ఖర్చుపెట్టి తెచ్చిపెట్టు అని కాదు, అది తగ్గకుండా చూసుకుని తెమ్మంటుంది. పాపం మహర్షి డబ్బు కోసం బయల్దేరి వరసగా ముగ్గురు రాజుల దగ్గరికి వెళ్తాడు. ప్రతి రాజూ తన ఆదాయవ్యయాల లెక్క ముందు పెడతాడు, రెండూ సరిసమానంగా ఉంటాయి. ఇందులోంచి తీసుకుంటే ప్రజలకు కష్టమని అగస్త్యుడు ఏమీ తీసుకోడు. అప్పుడు ఆ రాజులే, అసలు డబ్బున్నది ఇల్వలుడనే రాక్షసుడి దగ్గర, పదండి అంటారు. ఆ తర్వాతే మేకగా మారిన అతని తమ్ముడు వాతాపి, వంట, భోజనం, "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం". నాకు ఆ వాతాపి ఘట్టం కంటే రాజుల బడ్జెట్లు తనిఖీ చేసిన ఋషే ఎక్కువ ఇష్టం. తెలుగులో నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగంలోనే ఈ కథంతా వస్తుంది. దీన్ని నక్షత్రోదయంగా విడగొట్టి చూపించమనండి, చూద్దాం.

ఇంకా వెనక్కి వెళ్తే ఋగ్వేదం ఉంది. మొదటి మండలం చివర్లో అగస్త్యుడి పేరున ఒక సూక్తాల గుంపు ఉంది. అందులో 179వ సూక్తం లోపాముద్రతో సంభాషణ. ఏళ్ల తరబడి శ్రమపడి అలసిపోయాను, ముసలితనం ఒంటి అందాన్ని తినేస్తోంది, ఇకనైనా భార్యాభర్తలుగా ఉందామంటుంది ఆమె. భారతంలో పరుపులడిగిన లోపాముద్ర కాదు ఈమె, గొంతే వేరు. ఏడో మండలంలో వసిష్ఠుడి పుట్టుక చెప్పే సూక్తంలో కుండ ప్రస్తావన వస్తుంది, అదే కుండలోంచి పుట్టిన ఇంకొకడు అగస్త్యుడని సంప్రదాయం. ఈ సూక్తాల్లో అగస్త్యుడు కవి, యజ్ఞం చేసేవాడు, భార్యతో వాదన పెట్టుకునేవాడు. చుక్క అని ఎక్కడా లేదు. దక్షిణ దిక్కూ లేదు, వింధ్యా లేదు.

రామాయణంలో ఇంకో అగస్త్యుడు. రాముడికి ధనుస్సు, అమ్ములపొది ఇచ్చేవాడు, యుద్ధకాండలో ఆదిత్యహృదయం ఉపదేశించేవాడు. (రాముడు ఈయన ఆశ్రమానికి వెళ్లే దారిలో ఈయన తమ్ముడి ఆశ్రమంలో ఒక రాత్రి ఉంటాడు, వాల్మీకి ఆ తమ్ముడి పేరు చెప్పనే చెప్పడు. మనవాళ్లు ఎవరో ఒకరి బంధువుగా తప్ప సొంత పేరు లేనివాణ్ణి అగస్త్యభ్రాత అనడం అందుకే.) పోతన భాగవతంలో ఇంద్రద్యుమ్నుణ్ణి ఏనుగువై పుట్టమని శపించిందీ అగస్త్యుడే. శ్రీనాథుడి కాశీఖండంలో అయితే వింధ్యను వంచడానికి కాశీ వదిలి రావాల్సి వచ్చినందుకు కుమిలిపోయే అగస్త్యుడు. ఆ కథలో ఆయన గొప్ప పని కోసం వెళ్తున్న వీరుడు కాడు, ఇష్టమైన ఊరినుంచి బలవంతంగా కదిలించబడిన పెద్దాయన. వీళ్లందరి మీద ఒకే జీవితచరిత్ర రాయబోతే ఆ మనిషికి ఎన్ని వందల ఏళ్లు, ఎన్ని స్వభావాలు ఇవ్వాలో మీరే ఊహించుకోండి.

చరిత్ర దగ్గరికి వచ్చేసరికి గందరగోళం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ ప్రతివాడికీ అగస్త్యుడు కావాలి. కర్ణాటకలోని బాదామికి పాత పేరు వాతాపి. చాళుక్య రాజు మొదటి పులకేశి అక్కడ కోట కట్టించాడని శక సంవత్సరం 465, అంటే క్రీ.శ. 543 నాటి శాసనం చెబుతోంది. మన వేంగి చాళుక్యులు ఆ ఇంటి శాఖే. 642లో పల్లవ నరసింహవర్మ దాన్ని గెలిచి వాతాపికొండ (వాతాపిని గెలిచినవాడు) అని బిరుదు పెట్టుకున్నాడు. అక్కడి చెరువును అగస్త్య తీర్థం అంటారు. ఊరు, శాసనం, యుద్ధం అన్నీ నిజం, తేదీలతో సహా. కానీ ఆ ఊళ్లో మేకను వండిపెట్టిన రాక్షసుడున్నాడని శాసనం సాక్ష్యం చెప్పట్లేదు. పేరు కలిసిందంతే.

తమిళనాట అగస్త్యుడు వ్యాకరణకర్త, మొదటి సంఘానికి, అంటే పాతకాలపు తమిళ కవుల సభకు పెద్ద, తమిళ వ్యాకరణం రాసిన తొల్కాప్పియర్‌కు గురువు. ఆయన రాశాడనే వ్యాకరణం అగత్తియం మొత్తంగా మనకు దక్కలేదు. పద్నాలుగో శతాబ్దపు వ్యాఖ్యాత నచ్చినార్కినియర్ అయితే అగస్త్యుడు ద్వారకనుంచి వేళిర్ అనే తమిళ సామంతుల కుటుంబాలు పద్దెనిమిదింటిని దక్షిణానికి తీసుకొచ్చాడని రాశాడు. ఆధునిక చరిత్రకారుల్లో కొందరు ఇలాంటి కథలన్నిటినీ కూడబెట్టి, ఉత్తరాది సంస్కృతి దక్షిణానికి రావడానికి అగస్త్యుడు గుర్తు అని తేల్చారు. తమిళులకేమో ఆయన తమ భాషకే మూలపురుషుడు. బయటినుంచి వచ్చినవాడూ ఆయనే, ఇంటి పెద్దా ఆయనే. నాకనిపించేది ఏంటంటే, ఈ కథల్లోంచి వలసల చరిత్ర పిండడం కంటే, ఎవరు ఏ కాలంలో ఏ అవసరం కోసం ఆయన్ని తమవాణ్ణి చేసుకున్నారో చూస్తే ఎక్కువ చరిత్ర దొరుకుతుంది. తర్వాతి కాలపు తమిళ సిద్ధవైద్య గ్రంథాలు బోలెడు ఆయన పేరుమీద చలామణీ అయ్యాయంటే, అదీ ఆ పేరుకున్న పరపతి వల్లే.

ఆ పరపతి సముద్రం కూడా దాటింది. జావాలోని దినోయో శాసనం, క్రీ.శ. 760 నాటిది, గజయాన రాజు పూర్వీకులు చేయించిన కొయ్య అగస్త్య విగ్రహం పాడైతే నల్లరాతిలో చేయించి ప్రతిష్ఠించాడని చెబుతుంది. తొమ్మిదో శతాబ్దపు ప్రంబనన్ శివాలయంలో దక్షిణం వైపు గదిలో అగస్త్యుడు నిలబడి ఉన్నాడు, అక్కడివాళ్లు భటార గురు అని కూడా అంటారు. చరిత్రలో గట్టిగా, రాతిమీద, తేదీతో దొరికే అగస్త్యుడు అంటే నా దృష్టిలో ఈయనే. ఒక ఋషి బతికాడనడానికి ఆ శాసనం రుజువు కాదు. ఎనిమిదో శతాబ్దంలో తూర్పు జావాలో ఒక రాజవంశం ఆయన్ని కొలిచిందనడానికి మాత్రం తిరుగులేని రుజువు.

మధ్యలో ఒక సరదా చిక్కు. కానోపస్ అన్న పేరుకీ ఇలాంటి కథే ఉంది. గ్రీకుల కథల్లో కానోపస్ ట్రాయ్ యుద్ధం చేసిన మెనెలాస్ రాజు ఓడకు చుక్కాని పట్టినవాడు, ఈజిప్టులో పాము కరిచి చనిపోయాడు, అక్కడి ఊరికి ఆ పేరొచ్చిందంటారు. అలెగ్జాండ్రియా పక్కన ఆ పేరుతో నిజంగానే పట్టణం ఉండేది. క్రీ.పూ. 238లో మూడో టోలెమీ కాలంలో నాలుగేళ్లకోసారి ఒక రోజు కలపాలన్న శాసనం వెలువడింది అక్కడే. ఆ పట్టణంలో మనిషి తల ఉన్న కుండ రూపంలో దేవుణ్ణి కొలిచేవారు. ఇది చూసి యూరప్ పండితులు, మమ్మీల పేగులూ కాలేయం దాచే జాడీలకు కానోపిక్ జాడీలని పేరు పెట్టేశారు. వాటికీ ఆ ఊరికీ సంబంధం లేదు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక్కడ కుండ, అక్కడ కుండలో పుట్టిన అగస్త్యుడు, నక్షత్రం ఒక్కటే! దీనిమీద పుస్తకం రాసేయాలనిపించే కలయిక ఇది. కానీ వరస చూడండి: మన కుండ ఋగ్వేదంలో ఏ నక్షత్రంతోనూ ముడిపడకుండా వచ్చింది. వాళ్ల కుండ ఊరి దేవుడిది, నక్షత్రానికి ఆ కుండతో ఉన్న బంధుత్వం ఊరి పేరు ద్వారానే. రెండు వేర్వేరు దారులు వచ్చి ఒక చుక్క దగ్గర కలిశాయి. కలిసినంత మాత్రాన బయల్దేరిన చోటు ఒకటే కానక్కర్లేదు.

ఇప్పుడు వింధ్య తేదీ. వాదన ఇలా ఉంటుంది: భూమి అక్షం బొంగరం మెడ తిప్పినట్టు దాదాపు 26,000 ఏళ్లకో చుట్టు తిరుగుతుంది, కాబట్టి నక్షత్రాలు ఎంత దక్షిణంగా కనిపిస్తాయన్నది మారుతుంది. ఒకప్పుడు అగస్త్య నక్షత్రం వింధ్య ప్రాంతం నుంచి కనబడేది కాదు. అది మొదటిసారి కనబడిన కాలమే అగస్త్యుడు వింధ్య దాటిన కాలం. ఇందులో మొదటి సగం నిఖార్సైన ఖగోళశాస్త్రం. ఈ చక్రంలో అగస్త్య నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖను ఆకాశంలోకి పొడిగిస్తే వచ్చే గీతకు) సుమారు 52 డిగ్రీల దక్షిణం నుంచి సుమారు 81 డిగ్రీల దక్షిణం దాకా ఊగుతుంది, ఇప్పుడు 52.7 దగ్గర, దాదాపు ఉత్తరపు అంచున ఉంది. వింధ్య ప్రాంతంలో, అంటే 24 డిగ్రీల అక్షాంశం దగ్గర నిలబడినవాడికి అది 66 డిగ్రీల దక్షిణానికి చేరినప్పుడు క్షితిజాన్ని తాకుతుంది.

కానీ తాకితే చాలా? క్షితిజం దగ్గర దుమ్మూ, పొగమంచూ, చెట్లూ గుట్టలూ. నిజంగా కంటికి ఆనాలంటే అయిదు డిగ్రీలైనా పైకి రావాలి అనుకుందాం. మోటుగా లెక్క వేసినా సరే, తాకిన కాలానికీ అయిదు డిగ్రీలు లేచిన కాలానికీ మధ్య పదిహేను వందల ఏళ్లకు పైనే తేడా వస్తుంది. వింధ్య ఉత్తరపు అంచున నిలబడ్డాడా దక్షిణపు అంచునా అన్నది మారిస్తే ఇంకొన్ని వందల ఏళ్లు అటూ ఇటూ. అంటే తేదీని నక్షత్రం ఇవ్వట్లేదు, లెక్క మొదలుపెట్టే ముందు మనం పెట్టుకున్న షరతు ఇస్తోంది. అందుకే పంపేవాణ్ణి బట్టి సంవత్సరం మారిపోతోంది.

అసలు అభ్యంతరం అది కూడా కాదు. ఆ వాదన నిలబడాలంటే నక్షత్రం వింధ్య మీద మొదటిసారి పొడిచిన రోజుకే దానికి అగస్త్యుడన్న పేరు ఉండి తీరాలి. పేరు ఎటునుంచి ఎటు వెళ్లింది? మనకున్న పాఠాలను కాలక్రమంలో పెడితే, అగస్త్యుడు మొదట ఋగ్వేదంలో చుక్క ఊసే లేని కవిగా కనిపిస్తాడు. గోత్రాల లెక్క చెప్పే బౌధాయనుడు సప్తర్షులకు అగస్త్యుణ్ణి ఎనిమిదోవాడిగా కలుపుతాడు, అక్కడా మనిషే. పరిపాడల్ అనే పాత తమిళ పాటల సంకలనంలో పదకొండో పాటకు వచ్చేసరికి పొదియిల్ కొండ ముని (అగస్త్యుడే) మిథునరాశికి చేరాడు అంటారు, అంటే అప్పటికి ముని, చుక్క ఒకటైపోయారు. కాళిదాసు, వరాహమిహిరులకు అది అందరికీ తెలిసిన సంగతి. ఉత్తరాన సప్తర్షులు ఎలాగూ నక్షత్రాలుగా ఉన్నారు, వాళ్లలో వసిష్ఠుడున్నాడు, అదే కుండలో పుట్టిన రెండోవాడికి దక్షిణాన ఒంటరిగా వెలిగే చుక్కను ఇచ్చారని నేను అనుకుంటాను. నాకు ఋషి ముందు, చుక్క తర్వాత. ఆ చుక్కకు ఆ పేరు పెట్టే సమయానికి అది వింధ్య మీద కొన్ని వేల ఏళ్లుగా పొడుస్తూనే ఉంది. దాన్ని మొదటిసారి చూసినవాళ్లు దాన్ని ఏమని పిలుచుకున్నారో, అసలు పేరంటూ పెట్టారో లేదో, ఏ సాఫ్ట్‌వేరూ లెక్కకట్టి చెప్పలేదు.